ఇసుక మూటకు చేతులేవి?

పెన్న పొంగి కోవూరు దగ్గర పెద్దరోడ్డును తెంచుకుపోయిన వరదకు అది మూడో ఏడు. వాకాడుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే టెంకాయతోటలో ముగ్గురున్నారు: ఒకప్పుడు చెట్లెక్కిన జకరయ్య, వెల్డింగు షెడ్డులో పనిచేసే ఆయన మనవరాలు మెర్లిన్, ఆ తోటను కౌలుకు చేసే చెంచమ్మ. కింది నుంచే విసిరి మట్టల మొదళ్ళకు తగిలించిన ఒక తాడు చెట్టు మీది నుంచి వేలాడుతోంది. తాడుకు, మెర్లిన్ చేసిన ‘పీత’ అనే ఇనుప పట్టుతో, ఒక ఇసుక మూట.

“పన్నెండు! పన్నెండోసారి కూడా పీత పట్టేసింది. చూసినావా అత్తా? అంత పైనుంచి వదిలినా జానెడు కూడా జారలా.”

“చూసినా లే మెర్లీ. పొద్దుట్నించీ ఆ మూటనే ఎక్కిస్తాండావు, దించతాండావు. చెట్టెక్కేది నేనా, అదా?”

“నీ బరువూ దాని బరువూ ఒకటే అత్తా. తూకం వేసి పోసినా ఇసుక. అరవై ఎనిమిది కిలోలు.”

“మెల్లిగా చెప్పు మే! ఒడ్డున వలలు లాగేవోళ్ళకి వినబడతాది.”

“తాతా, నువ్వు చెప్పు. ఎట్టుండాది నా పీత?”

“ఊఁ.”

“ఊఁ అంటే బాగుండాదనా, బాగలేదనా?”

“ఊఁ.”

“ఆయన్ని అడగతాండావా? పెళ్ళికి పిలిచినా ఊఁ, చావుకి పిలిచినా ఊఁ. మీ అవ్వ బతికినన్నాళ్ళు ఆయన మాటలు కూడా ఆమే మాట్లాడేది. మామా, ఇటు చూడు. రేపు ఎనిమిది గంటలకి నేనెక్కుతాండా. మా సంఘం ఆడోళ్ళు నలభై మంది వస్తారు. నువ్వు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చోవాల. జకరయ్య చూసి సరేనన్నాడంటే చాలు, ఈ చుట్టుపక్కల ఇంకెవురూ కాదనరు.”

“రేపేనా?”

“అబ్బ, నోరు తెరిచినాడు! రేపే. మా ఆయన్ని కూడా కుర్చీతో సహా మోసుకొచ్చి కూర్చోబెడతారు.”

“ముత్యాలయ్య వస్తాడా?”

“రాకేం? నిరుడు నడుం విరిగి చెట్టు మానినప్పట్నించీ మంచంలో పడుకుని నాకు పాఠాలు చెప్తాండాడు. మోకు ఇట్ట బిగించు, మడమ అట్ట ఆనించు అని. నాకు మోకెందుకయ్యా, చెట్టును కౌగిలించుకునేదెందుకు, తాడు మీద కుర్చీలో కూర్చున్నట్టు పోతా గదా అన్నా. అలిగినాడు. పొద్దున సంగటి కూడా తినలా. ఎందుకడిగినావు మామా, ఆయన వస్తే ఏం?”

“ఏం లేదు.”

“ఏదో ఉండాది.”

“మెర్లీ, ఆ పిడి ఇట్టా తే.”

“ఇదిగో తాతా. నువ్వు అడగతావనే చూస్తాండా మూడు రోజుల్నించీ. ఇది పిడి. చేత్తో పట్టుకుని పైకి తోస్తే తాడు మీద పోతాది. కిందికి బరువు పడితే లోపలి పళ్ళు తాడును కొరికేస్తాయి. పీత కొరికిందంటే విడవదు గదా, అందుకే ఆ పేరు. నడుం పట్టీకి ఈ పెద్ద పీత, కాళ్ళకి ఆ చిన్న పీత. కాలి పీత మీద నిలబడి నడుం పీతను పైకి తోసేది. నడుం పీత మీద కూర్చుని కాలి పీతను లాక్కునేది. నిలబడు, కూర్చో. నిలబడు, కూర్చో. అంతే.”

“చర్చిలో మాదిరి.”

“మామ ఎగతాళి కూడా చేస్తాడే! మెర్లీ, ఈ రోజు వాన పడతాది చూడు.”

“దిగేదెట్ట?”

“కాలి పీత తీసేసి నడుం పీత మీద కూర్చోవాల తాతా. పిడి కింద ఈ మీట ఉండాది చూడు. పిడినీ మీటనూ కలిపి బిగిస్తే పళ్ళు తెరుచుకుంటాయి. మెల్లిగా దిగిపోతావు. బండి బ్రేకు పట్టుకున్నట్టే.”

“బిగిస్తే తెరుచుకుంటాది.”

“ఆఁ.”

“వదిలితే?”

“వదిలితే టక్కున పట్టేస్తాది. కళ్ళు తిరిగి చేతులు వదిలేసినా మనిషి పడడు. దీంట్లో గొప్పంతా అదే.”

“వదిలితే గదా.”

“అంటే?”

“ఏం లేదు. మూట బాగానే ఆగింది.”

“మరి?”

“ఇసుక మూటకు చేతులేవి?”

“అదేం ప్రశ్న మామా! చేతులు కూడా పెడదాం లే. గాజులు తొడిగి, పూలు పెట్టి, రేపు నా బదులు దాన్నే ఎక్కిద్దాం!”

“నవ్వబాక అత్తా. తాత ఊరికే అడగడు. ఏంది తాతా, చెప్పు.”

“ఏం లేదు.”

“పోనీలే మెర్లీ, పట్టుకునేది, వదిలేది ఆయనకి చెప్తాండావా నువ్వు? పెన్న రోడ్డు తెంచుకుపోయిన రోజు నువ్వు సూళ్లూరుపేట హాస్టల్లో ఉండావు. ఇక్కడ స్వర్ణముఖి ఏరు ఈ తోటలోకి వచ్చేసింది. అదిగో, ఆ మూల పొడుగు చెట్టు. మధ్యాన్నం కాయ దించేదానికి ఎక్కిన మనిషి. గాలి, వాన, కింద వరద. మర్నాడు తెల్లారిందాకా పట్టు విడవలా! మా ఆయన కళ్ళారా చూసినాడు. ఆయన చెప్పబట్టే గదా ఊరంతటికీ తెలిసింది. మామకు చెప్పుకునే అలవాటు యాడుండాది?”

“నాకు తెలీదా అత్తా! పాస్టరుగారు ఇప్పటికీ ప్రసంగంలో చెప్తారు. ‘బైబిల్లో జక్కయ్య చెట్టెక్కినాడు, మన జకరయ్య చెట్టు విడవలేదు, విశ్వాసాన్ని అట్ట పట్టుకోవాల’ అని. ఆయన ఆ మాట ఎత్తుకున్నాడంటే చాలు, మా తాత లేచి చెప్పులు వెతుక్కుంటాడు.”

“దగ్గొస్తాది.”

“ఆ ఒక్క మాటకేనా తాతా దగ్గొచ్చేది?”

“గాలి తిరగతాంది. మూట దించు.”

“ఆ వరద నుంచే గదా మామా నీకు మోకాళ్ళ నొప్పులు? చెట్టు మానుకున్నావు. మూడేళ్ళాయె. మొన్న గూడూరు బస్సు వెనక పరిగెత్తినావే, అప్పుడు యాడికి పోయినాయి ఆ మోకాళ్ళు?”

“బస్సు నేల మీద ఉండాది.”

“అదీ నిజమే లే.”

“అత్తా, చీకటి పడకముందే నడుం పట్టీ నీ కొలతకు సరిచేస్తా. రా. రేపు పొద్దున హడావుడి లేకుండా...”

“రేపు వద్దు.”

“ఏంది తాతా?”

“చెంచమ్మ రేపు ఎక్కకూడదు.”

“ఎందుకెక్కకూడదు మామా? నలభై మందికి చెప్పినా. చీర మీద చొక్కా వేసుకోవాల్నా, పంజాబీ డ్రస్సు వేసుకోవాల్నా అని వారం నుంచి ఆలోచిస్తాండా. ఇప్పుడొచ్చి వద్దంటావా?”

“వద్దు.”

“కారణం చెప్పు.”

“మూట దించమన్నా గదా మెర్లీ.”

“చెప్పవు. నాకు తెలుసు లే. ఆడది చెట్టెక్కితే మగోళ్ళ పరువు పోతాదని గదా? ఎక్కేవోళ్ళు ఊళ్ళో ఇద్దరు మిగిలినారు. వాళ్ళ కోసం ఎదురు చూస్తే కాయలు ముదిరి రాలిపోతాండాయి. నిరుడు గెల పడి మా గేదె కొమ్ము విరిగింది. నా తోట, నా చెట్టు, నా నడుం. నువ్వెవురు మామా వద్దనేదానికి?”

“అత్తా, అట్ట మాట్లాడబాక...”

“మాట్లాడతా! అందరూ అంటారని తెలుసు గానీ, నువ్వు అంటావని అనుకోలా మామా.”

“కూర్చో.”

“నేను కూర్చోను.”

“దాంట్లో కూర్చో అమ్మీ. తాడు మీద. అడుగు ఎత్తు చాలు.”

“ఇప్పుడా?”

“మూట విప్పు మెర్లీ. ఆమెను ఎక్కించు.”

“సరే... అత్తా, కాళ్ళు ఇందులో పెట్టు. ఆఁ. పట్టీ బిగించినా. ఒకసారి నిలబడు, కూర్చో. చాలు. ఇప్పుడు కాలి పీత తీసేస్తాండా. కాళ్ళు గాల్లో వదిలెయ్యి.”

“ఇదిగో, కూర్చున్నా. ఉయ్యాల మాదిరి ఉండాది. చూసినావా మామా? పిడి పట్టుకున్నా, మీట తాకలా. హాయిగా ఉండాది. దీంట్లో ఏందంట నీకు...”

“పాము! అమ్మీ, కింద పాము! కట్లపాము!”

“అమ్మా! అయ్యయ్యో! అబ్బ... నా నడుము... యాడ? యాడ మామా పాము?”

“లేదు.”

“లేదా!”

“లేదు.”

“చూడు మెర్లీ, చూడు మీ తాతని! అరవై దాటిన మనిషి! ఇసుకలో ధబీమని పడ్డా! పాము లేదంట!”

“తాతా... నువ్వు ఇంత గట్టిగా అరవగలవా? నేను పుట్టినప్పట్నించీ వినలా!”

“ఆమె చెయ్యి చూడు.”

“ఎందుకు?”

“చూడు.”

“చెయ్యి... అత్తా, పిడి వదల్లేదే నువ్వు.”

“ఎట్ట వదలతానే? పామంటే ఎవురన్నా చేతిలో ఉండేది వదలతారా? ఏది దొరికితే అది గట్టిగా పట్టుకుంటారు గానీ!”

“మీట కూడా పట్టుకునే ఉండావు.”

“అదీ పిడితోనే గదా ఉండేది. కలిపి బిగిచ్చేసినా. ఆ... ఓహో.”

“పళ్ళు తెరుచుకున్నాయి. భయపడి బిగిచ్చినావు, తెరుచుకున్నాయి. అందుకే పడ్డావు. ఇంత ఎత్తు కాబట్టి సరిపోయింది. అదే చెట్టు మీదైతే...”

“అనబాక మే. అనబాక. తెలిసింది లే.”

“పన్నెండు సార్లు పరీక్ష పెట్టినా తాతా! పన్నెండు సార్లు!”

“మూటకు పాము భయం లేదు.”

“నాకెందుకు తోచలా? బండి బ్రేకు మాదిరి అని మురిసిపోయినా. భయమేస్తే చెయ్యి వదిలేస్తారని అనుకున్నా నేను.”

“వదలరు. బిగుస్తాది.”

“అయితే తిరగేస్తా. బిగిస్తే పట్టేటట్టు, వదిలితే దిగేటట్టు.”

“కళ్ళు తిరిగితే?”

“ఆఁ... అప్పుడు వదిలేస్తారు. పడతారు. అమ్మో, అదీ కుదరదు. అంటే, వదిలినా పట్టాల, బిగిచ్చినా పట్టాల. మరి మనిషి దిగేదెట్ట? చెట్టు మీదే కాపరం పెట్టాల్నా?”

“మీ ఆయన మంచం దగ్గర నేనుండే దానికంటే అదే నయం మెర్లీ... ఏందట్ట చూస్తాండావు మామా? నడుం నొప్పి పుడతాంటే నవ్వన్నా నవ్వనీ.”

“నాకు పెళ్ళే కాలేదు గదా అత్తా!”

“మా ఆయన మే, మా ఆయన! పడిన దెబ్బకి మాట కూడా అటూ ఇటూ అయింది.”

“ఒక వేలు.”

“ఏంది తాతా?”

“మీట పిడి దగ్గర వద్దు. తీసెయ్. బెత్తెడు దూరంగా రింగు పెట్టు. ఒక్క వేలు దూరేంత. పిడికిలి దూరకూడదు.”

“ఒక వేలితో లాగితేనే పళ్ళు తెరుచుకునేటట్టా? చెయ్యంతా ఎంత బిగిచ్చినా పిడే గానీ రింగు తగలదు. వదిలేసినా రింగు తగలదు. తాతా! ఇది... సరే, ఏ వేలు? చూపుడు వేలికి పెడతా.”

“చిటికెన వేలికి.”

“చిటికెన వేలికి బలం యాడుండాది? అరవై ఎనిమిది కిలోల మనిషి కూర్చుని ఉంటే పళ్ళు తెరవాల గదా.”

“మళ్ళా కిలోలు చెప్తాండావు మే.”

“కాడ పొడుగు చెయ్యి. బోరింగు కాడ పొడుగుంటే పసిబిడ్డ కొట్టినా నీళ్ళొస్తాయి.”

“నిజమే... జానెడు కాడ పెడితే చాలు. కానీ చూపుడు వేలైతే ఇంకా సులువు తాతా.”

“అది తెరుచుకోదు.”

“ఏది?”

“చెయ్యి బిగుసుకుంటే. చిటికెన వేలే ముందు తెరుచుకుంటాది. దాని వెనక మిగతావి.”

“ఎవురు చెప్పినారు నీకు?”

“పొద్దు వాలతాంది. షెడ్డు మూసేస్తారు. పో.”

“ఎవురు చెప్పినారంటే షెడ్డు మూసేస్తారంటావేంది?”

“పో అమ్మీ.”

“పోతా లే. ఒక గంట పని. అత్తా, రేపు ఎనిమిదికే. పొద్దున్నే మూటతో మళ్ళా చూసి...”

“మళ్ళా మూటేనా? ఆ మూటను నమ్మే గదా నా నడుం ఇట్టయింది.”

“అయితే ఇప్పట్లాగే అడుగు ఎత్తులో కూర్చో అత్తా. నేను అరుస్తా, పామని.”

“ఇంక జన్మలో నమ్ముతానా నేను?”

“అడుగు ఎత్తులో వేసే భయం వేరు. పైన వేసే భయం వేరు. చెంచమ్మ కంటే ముందు ఒకరు ఎక్కాల. భయం ఉండే మనిషి.”

“భయం ఉండేవోళ్ళు చెట్టెందుకెక్కుతారు మామా? యాడ దొరకతారు అట్టాంటోళ్ళు?”

“నేనెక్కుతా.”

“నువ్వా!”

“తాతా, నువ్వా? నిజంగానా? మూడేళ్ళ నుంచి అడగతాంటే... మోకాళ్ళు?”

“కూర్చో, నిలబడు. అంతే గదా.”

“నువ్వెక్కి ఏం లాభం మామా? భయం ఉండే మనిషి కావాలని నువ్వే అంటివి. వరదలో రాత్రంతా పట్టు విడవని మనిషికి భయమా? మూటా నువ్వూ ఒకటే!”

“చూద్దాం.”

మర్నాడు పొద్దున, సంఘం ఆడవాళ్ళూ, కుర్చీలో ముత్యాలయ్యా చూస్తుండగా, జకరయ్య నడుముకు పట్టీ బిగించుకొని, తోట మూలనున్న ఆ పొడుగు చెట్టుకే తాడు వేయించి ఎక్కాడు.

“నిలబడు, కూర్చో. నిలబడు, కూర్చో. చూడత్తా, ఎట్ట పోతాండాడో! ఈ చెట్టే కావాలని పట్టుబట్టినాడు.”

“మోకాళ్ళ నొప్పీ లేదు, ఏమీ లేదు. అంతా నటన. గెల దాకా పోయినాడు! మామా, ఎట్టాగూ పోయినావు, రెండు లేత కాయలు తెంపి పడెయ్యి!”

“కాలి పీత తీసేసినాడు. ఇప్పుడు నడుం పీత మీదే కూర్చున్నాడు. ఇంక రింగులో వేలు పెట్టడమే. తాతా! దిగు!”

“పలకడే.”

“తాతా!”

“మామా! ఊఁ అయినా అను! ఎన్నడూ లేంది నీ ఊఁ కోసం నలభై మంది చెవులు రిక్కించుకుని ఉండారు.”

“అత్తా, చేతులు చూడు.”

“ప్రార్థన చేసుకుంటాండాడేమో మే.”

“లేదత్తా. నిన్న నీ చెయ్యి ఎట్టుండాదో అట్ట ఉండాయి. రెండు చేతులూ పిడి మీదే. తల తాడుకు ఆనిచ్చేసినాడు. పాత మీటే ఉండుంటే ఈపాటికి...”

“అనబాకన్నా గదా!”

“ఆగింది అత్తా. ఎంత బిగిచ్చినా ఆగింది. జానెడు కూడా జారలా. కానీ తాత దిగేదెట్ట? రింగులోకి వేలే పోవడంలా!”

“నా కుర్చీ ముందుకు జరపండి.”

“నువ్వు గమ్మునుండయ్యా. నడుం విరిగినోడివి, నువ్వేం చేస్తావు?”

“జరపమంటాండా గదా చెంచీ. ఆఁ, ఇంకొంచెం. చెట్టు కిందికి. మామా! నేను, ముత్యాలయ్యని. కిందికి చూడబాక. నా గొంతు ఒక్కటే విను. చిటికెన వేలు. ముందు చిటికెన వేలు. ఆ పొద్దు నేను తెరిచినానే, అదే వేలు.”

“ఆ పొద్దు ఏంది? నువ్వు తెరిచేదేంది?”

“తర్వాత చెప్తా. మామా, తొందర లేదు. ఆ రోజు గంట పట్టింది. ఈ రోజు వాన కూడా లేదు, ఎండ బాగుండాది. అది వచ్చిందంటే మిగతావి వాటంతట అయ్యే వస్తాయి.”

“గంట పట్టేదేందయ్యా? వరదలో మామ పట్టు విడవలేదని ఊరంతా టముకు వేసింది నువ్వే గదా!”

“విడవలేదనే చెప్పినా. విడవలేకపోయినాడని చెప్పలా. దాంట్లో అబద్ధమేముంది?”

“ముత్యాలయ్య మామా... తాతకు భయమేసిందా ఆ రోజు?”

“నీళ్ళు పొద్దుగూకేసరికే మోకాలి లోతుకు తగ్గినాయి మెర్లీ. ఇదే చోట నిలబడి దిగు మామా, దిగు మామా అని గొంతు పోయేటట్టు అరిచినా. ఆయన చేతులు రాలా. తెల్లారి వెలుతురు రాంగానే పైకి పోయి ఒక్కొక్క వేలూ తెరిచి, నా మోకుకే కట్టుకుని దించుకొచ్చినా. నాకు చెట్టెక్కేది నేర్పించిన మనిషి ఆయన. ఊరికి పోయి ఏం చెప్పమంటావు?”

“నాకైనా చెప్పుండచ్చు గదయ్యా!”

“నీకు చెప్తే ఊరికి చెప్పినట్టు కాదా?”

“వేలు! అత్తా, వేలు కదిలింది! రింగులో పెట్టినాడు! దిగతాండాడు! మెల్లిగా తాతా... మెల్లిగా... అట్టే... వచ్చేసినాడు!”

“పట్టీ విప్పు మెర్లీ. నీళ్ళు తెండి ఎవురన్నా. మామా, కూర్చో. చేతులు ఇట్టా ఇయ్యి. మంచు ముక్కల మాదిరి ఉండాయి... చీర చెంగుతో తుడుస్తా, ఉండు.”

“ముత్యాలయ్యా.”

“మామా.”

“గొంతు బాగా వినబడింది.”

“అంతేనా మామా? ఇంతమంది చూస్తాండారు, ఏమన్నా చెప్పు వాళ్ళకి. ఊఁ అని మాత్రం అనబాక.”

“మెర్లీ, పాస్టరుగారికి చెప్పు. ఆదివారం ఆ కథ మార్చమను.”

“చెప్తా తాతా. మరి పీత? పీత సంగతి చెప్పలేదే నువ్వు.”

“ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో నాకన్నా పిరికోడు లేడు. నన్నే పట్టింది, నన్నే దించింది. చెంచమ్మా, ఇంక నువ్వెక్కు.”